తెల్ల తాడు కట్టిన చేప

మా ఫ్యాక్టరీలో ట్యూనా చేప మంచిదో కాదో చెప్పే మనిషి ఒక్కడే ఉండేవాడు. లారీ తలుపు తీయగానే రబ్బరు బూట్లతో లోపలికి ఎక్కి, ఐసు పక్కకు తోసి, చేప మొప్ప లేపి ముక్కు దాదాపు అందులోనే పెట్టేవాడు. బొటనవేలితో పొట్ట నొక్కేవాడు. తోక దగ్గర కత్తితో చిన్న గాటు పెట్టి మాంసం రంగు చూసేవాడు. మళ్ళీ ఒకసారి వాసన. ఆ తర్వాత నడుముకు వేలాడే మూడు తాడు ఉండల్లో ఒకదాన్నుంచి మూరెడు తెంపి తోకకు ముడివేసేవాడు. నీలం తాడు కడితే ఓడెక్కి పరదేశం పోయే చేప. తెల్ల తాడు కడితే మా దగ్గరే ఉడికించి డబ్బాల్లో నింపే చేప. ఎర్ర తాడు కడితే తెచ్చినవాడు వెనక్కి తీసుకుపోవాల్సిందే.

ఎనభైల చివర్లో నేను ఆ కంపెనీలో కోల్డ్ స్టోర్ సూపర్‌వైజర్‌ని. కంపెనీ ఒమాన్ సర్కారుది. మత్రా రేవుకు కాస్త ఎడంగా, కొండకూ సముద్రానికీ మధ్య ఇరుకు చోటులో ఉండేది. సూర్ తీరం నుంచి, ఇంకా కింది ఊళ్ళ నుంచి జాలరులు పట్టిన చేప కొనడానికే సర్కారు దాన్ని పెట్టింది. అందువల్ల అక్కడ ఎర్ర తాడు అంటే మామూలు బేరం చెడిపోవడం కాదు. సర్కారే వద్దన్న చేపను ఇక ఎవరు కొంటారని జాలరులు తల పట్టుకునేవారు.

నాకు చిన్నప్పటి నుంచీ డైరీ రాసే అలవాటు. ఆ రోజుల్లో రాసినవన్నీ గదుల చల్లదనం, వచ్చిన లారీలు, సెలవులో ఉన్నవాళ్ళు, మధ్యాహ్నం తిన్న కూర. నీ డైరీలో మనుషులు ఉండరు, సామాన్లే ఉంటాయని సెలవులో ఊరికి పోయినప్పుడు మా ఆవిడ ఎగతాళి చేసేది. ఇప్పుడు ఈ వయసులో వాటిని వరసగా చదువుకుంటూ వస్తే, ఆ ఒక్క ఎండాకాలంలో మాత్రం గదుల చల్లదనం రాయడం మానేసి మనుషుల గురించి రాసుకున్నట్టు కనిపించింది.

తాళ్ళు కట్టే ఆ గ్రేడర్ కడప వైపు ముస్లిం. నాకంటే ఏడెనిమిదేళ్ళు చిన్న. ఇంట్లో దక్కనీ, తెలుగువాళ్ళ ముందు కడప తెలుగు, జాలరులతో అరబ్బీ, ఆఫీసులో హిందీ మాట్లాడేవాడు. లోడింగ్ పనిలో చేరి, పాత గ్రేడర్ వెనకాలే తిరిగి వాసనలు నేర్చుకుని, ఆయన పోయాక ఆ ఉద్యోగంలోకి వచ్చాడు. ఆ ఉద్యోగపు గ్రేడు వస్తేనే కుటుంబాన్ని తెచ్చుకోవడానికి వీసా ఇస్తారు. పెళ్ళయిన నాటి నుంచీ రెండేళ్ళకోసారి సెలవులో మాత్రమే చూసిన భార్యనూ కూతురినీ ఆ ఎండాకాలానికి ముందు చలికాలంలోనే తెచ్చుకున్నాడు. మత్రా పక్కనే ఉన్న దార్సైట్‌లో ఒంటిగది ఫ్లాటు తీసుకున్నాడు. పాపను అక్కడి ఇండియన్ బడిలో రెండో తరగతిలో వేశాడు. మొదట్లో ఆ పిల్ల తండ్రిని చూసి తలుపు వెనక దాక్కునేదట. నెల తిరిగేసరికి అతని బూట్లు వేసుకుని గదంతా తిరగడం మొదలుపెట్టింది. ఈ మాట అతను ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

శుక్రవారాలు నన్నూ, నా రూమ్మేటునూ భోజనానికి పిలిచేవాడు. రూమ్మేటు జగిత్యాల వైపు మనిషి. మా కోల్డ్ స్టోర్‌లోనే లోడింగ్. వంట బాగా చేస్తాడు, నోరు ఊరుకోదు. ట్యూనాను మొదటిసారి కోసినప్పుడు, "గిదేం చేప సార్, మేకపోతు లెక్క ఎర్రగున్నది! మా చెరువుల గిసొంటిది దొరికితే పూజ జేసి మళ్ల నీళ్లల్ల ఇడుస్తం" అన్నాడు. రెండు నెలల్లో దాన్ని చింతపండు పులుసు పెట్టడంలో అతన్ని మించినవాడు లేడు.

చలికాలం చివర్లో గ్రేడర్‌కు జలుబు చేసింది. జ్వరం మూడు రోజుల్లో తగ్గి డ్యూటీకి వచ్చాడు. కొంతకాలం తర్వాత ఒక శుక్రవారం వాళ్ళ ఫ్లాటులో కూర్చున్నాం. ఇల్లాలు డాబా మీద బట్టలు తీసుకురావడానికి వెళ్ళింది. అతను వంటింటి గుమ్మంలోనే పీట వేసుకుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు. నేను కిటికీ దగ్గర ఉన్నాను. పాలు మాడుతున్న వాసన నాదాకా వచ్చింది. అతను స్టవ్‌కు చెయ్యి చాపితే అందే దూరంలో ఉన్నాడు కదా, లేస్తాడులే అనుకున్నాను. లేవలేదు. గిన్నెలోంచి పొగ లేచాక ఇల్లాలు బట్టలు మెట్ల మీదే పడేసి పరుగెత్తుకొచ్చింది.

"ముందర కూసోనుండారు గదా! ఇల్లు కాలిపోయినా లేయరా?"

"సూడలేదు."

"సూసేదేముండాది, కింద దుకాణం దాకా కొడతాండాదే వాసన!"

అతను నవ్వాడు. ఆమె మాత్రం నవ్వలేదు, మాడిన గిన్నె పట్టుకుని అతని మొహంలోకి చూస్తూ నిలబడింది. మమ్మల్ని కింద దాకా సాగనంపడానికి వచ్చినప్పుడు, రూమ్మేటును ముందు పోనిచ్చి మెట్ల మీద నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, ఎవురికీ చెప్పగాకు. జలుబు పోయింది గానీ ముక్కు రాలా."

"రాలేదంటే?"

"వాసన తెలీడంలా. దేంది గూడా. అత్తరు పెట్టుకున్నా అంతే, చేప పేగులు ముందర పెట్టినా అంతే."

"మరి రోజూ తాళ్ళు ఎలా కడుతున్నావయ్యా?"

"కండ్లతో. కన్ను సూస్తా, మొప్ప ఎరుపు సూస్తా, ఏలితో నొక్కి సూస్తా. డాక్టర్ వస్తాదన్నాడు. కొందరికి నెలలు పడతాదంట. అంతవరకూ గడిస్తే చాలు. ఈ గ్రేడు పోతే వీల్ల వీసా గూడా పోతాదన్నా. పాప ఇప్పుడిప్పుడే నన్ను అబ్బా అని పిలస్తాండాది."

ట్యూనా మిగతా చేపల్లా కుళ్ళి కనిపించి హెచ్చరించదు. ఎండలో కొన్ని గంటలు ఐసు లేకుండా ఉంటే చాలు, చూపులకు తాజాగా ఉంటూనే లోపల విషం పుడుతుంది. ఉడికించినా పోదు. అది కొంచెం వాసనలో తెలుస్తుంది, కొంచెం నాలుక మీద మిరియం పెట్టినట్టు తెలుస్తుంది. అంతే. అందుకే నేనన్న మాట ఇది: "ఏమాత్రం అనుమానం ఉన్నా ఎర్ర తాడు కట్టు. మంచిది వెనక్కి పోతే జాలరి తిడతాడు. చెడ్డది లోపలికి వస్తే మనుషులు పడిపోతారు." అతను సరేనన్నాడు.

ఆ మాట నిలబెట్టుకున్నాడు. ఎండలు ముదిరే కొద్దీ రేవులో ఎర్ర తాళ్ళు పెరిగాయి. ఒక ఉదయం సూర్ నుంచి వచ్చిన ముసలి పడవ యజమాని తన చేపలకు వరసగా ఎర్ర తాళ్ళు పడుతుంటే చూసి, లారీ ఎక్కి ఒక జైదర్‌ను, అంటే మన పసుపు రెక్కల ట్యూనాను, పసిబిడ్డలా రెండు చేతుల మీదికి ఎత్తుకున్నాడు. దాని మొప్ప తెరిచి గ్రేడర్ ముక్కు దగ్గర పెట్టాడు.

"హాజా జైన్! జైన్!" మంచిదే, మంచిదే అని అరిచాడు. "నా తండ్రి నాటి నుంచి పడుతున్నాం. వాసన చూడు! ఎందుకు చూడవు?"

గ్రేడర్ ఊపిరి పీల్చాడు. ఏదో తెలిసినట్టు తల కూడా ఆడించాడు. ఎర్ర తాడు మాత్రం విప్పలేదు. ముసలాయన చేపను నేల మీద విసిరికొట్టి ఆఫీసుకు నడిచాడు. ఆ చేపను నేను మొప్ప తెరిచి చూశాను. సముద్రం వాసన తప్ప ఇంకేమీ లేదు.

మర్నాడు ముదీర్ పిలిచాడు. ముదీర్ అంటే మా మేనేజరు, ఒమానీ. మత్రాలో పుట్టి పెరిగినవాడు కావడంతో హిందీ మనకంటే బాగా మాట్లాడతాడు. కోల్డ్ స్టోర్ సగం ఖాళీగా ఉంది కాబట్టి నన్నూ పిలిచాడు.

"ఏం భాయ్, సముద్రంలో మంచి చేప అయిపోయిందా?" అన్నాడు గ్రేడర్‌తో. "జాలరులు వాలీ ఆఫీసు దాకా పోయారు." వాలీ అంటే అక్కడ మన కలెక్టరు లాంటివాడు. "ఈ కంపెనీ ఎవరి కోసం పెట్టారో నీకు తెలుసా?"

"తెలుసు సార్."

"నీ పని చెయ్యి. భయపడి చెయ్యకు. భయపడేవాడికి ఆ తాళ్ళు నేనివ్వను."

బయటికొచ్చాక గ్రేడర్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఎర్ర తాడు కడితే ఉద్యోగం పోతుంది, కట్టకపోతే ఏమవుతుందో తెలియదు. నేను ఏదైనా అంటానేమోనని నా వైపు చూశాడు. అప్పటికే సరిపోయినంత సలహా ఇచ్చి ఉన్నాను.

ఆ తర్వాతి బుధవారం ఒక లారీ దారిలో టైరు పేలి ఆలస్యంగా వచ్చింది. తలుపు తీస్తే కిందంతా నీళ్ళు. ఐసు పైవరసలో మాత్రమే మిగిలింది. గ్రేడర్ ఎక్కి ఒక్కొక్క చేపనూ తడిమాడు. కళ్ళు నిగనిగలాడుతున్నాయి, మొప్పలు ఎర్రగానే ఉన్నాయి, మాంసం గట్టిగా ఉంది. అతని చెయ్యి ఎర్ర ఉండ మీదికి పోయి అక్కడే ఆగింది. పైన ఆఫీసు కిటికీలో ముదీర్ నిలబడి ఉన్నాడు. కాసేపటికి చెయ్యి పక్కకు జరిగింది. తెల్ల తాడు తెంపాడు. ఆ లారీ మొత్తం తెల్ల తాడుతోనే నా కోల్డ్ స్టోర్‌కు వచ్చింది. శనివారం పొద్దున్నే ఉడికించే లైనుకు పంపాలి.

మా దగ్గర ఒక ఆచారం ఉండేది. గురువారం డ్యూటీ దిగేటప్పుడు తెల్ల తాడు చేపలో ఒకటి కోసి పనివాళ్ళకు వాటాలు వేసేవారు. మొదటి ముక్క గ్రేడర్‌ది. నువ్వు బాగుందన్నావు కాబట్టి నువ్వే ముందు తిను అని పాతవాళ్ళు సరదాగా పెట్టిన పద్ధతి అది. అదే గట్టి చట్టంలా నడిచేది. ఆ గురువారం కోసింది బుధవారం లారీలో వచ్చిన చేపనే. కోసేవాడు మాత్రం తొందరలో ఉండి, అందులో సగం మొదటి ముక్క కిందే అతనికి ఇచ్చి పంపేశాడు. మిగతాది వచ్చే వారం వేద్దామని లోపల పెట్టించాడు.

శుక్రవారం దార్సైట్‌లో ఆ చేపతో మా రూమ్మేటే పులుసు పెట్టాడు. ఇల్లాలు ఊరి నుంచి తెచ్చుకున్న కారం డబ్బా ముందుకు తోసి, "తక్కువ ఏసేరు, మాకు చాలదు" అంది.

"అక్కా, జగిత్యాలోనికి కారం నేర్పుతున్నవా? తిన్నంక సూడు మీ ఆయన మొకం!" అన్నాడతను.

అందరం కింద చాప మీద కూర్చున్నాం. పాపకు కారం తినే అలవాటు ఇంకా కాలేదు. అందుకని వాళ్ళమ్మ చేప ముక్కను గిన్నెలో నీళ్ళు పోసి కడిగి, ముల్లు తీసి అన్నంలో కలిపి పెట్టింది. మన ఇళ్ళల్లో అందరు పిల్లలకూ పెట్టినట్టే. పాప రెండు ముద్దలు తిని మొహం తిప్పుకుంది.

"అమ్మీ, నాలుక కుడతాంది."

"కారం పోలేదేమో." ఇంకోసారి కడిగింది. ఈసారి నీళ్ళు తెల్లగానే ఉన్నాయి. పెట్టింది.

"ఇంకా కుడతాంది."

"బడికి పోయి అబద్ధాలు నేరస్తాండావా? నీళ్ళల్లో కారమే లేదు, సూడు."

మా అందరికీ నోరు మండుతోంది. మండాలి కదా, కారం అంత వేశారు. నా చెవులు వేడెక్కాయి. రూమ్మేటు మొహం, మెడ కందిపోయాయి.

"కడప కారం ఏమో అనుకున్న గని భాయ్, పానం పోయేటట్టున్నది. సార్, మీ మొకం సూస్కుండ్రి, టమాట లెక్కయింది!"

అందరం నవ్వాం. నవ్వుతూనే ఇంకో ముక్క వేసుకున్నాం. గ్రేడర్ ఒక్కడు చెయ్యి కంచంలో పెట్టి కదలకుండా ఉండిపోయాడు. కూతురి ముందున్న గిన్నె చూస్తున్నాడు. ఆ తేట నీళ్ళు చూస్తున్నాడు. మెల్లగా ఒంగి, కడిగిన ముక్క తీసి నాలుక చివర పెట్టుకున్నాడు. కారం లేని ముక్క, అయినా కుట్టింది. దాన్ని ఉమ్మేసి లేచాడు.

"ఎవురూ తినగాకండి. పాప నోట్లోది తియ్యి. తియ్యమంటాండా!"

అప్పటికి పాప బుగ్గల మీద దద్దుర్లు లేస్తున్నాయి. నాకు తల దిమ్మెక్కి గుండె దడదడలాడింది. పాప కక్కేసింది. టాక్సీ పిలిచి అందరం ఆస్పత్రికి పోయాం. పాపకు సూది వేశారు. మాకూ మాత్రలిచ్చారు. ఒకటి రెండు గంటల్లో దద్దుర్లు తగ్గి, పాప తల్లి ఒళ్ళో నిద్రపోయింది. డాక్టరు ఏం తిన్నారని అడిగితే రూమ్మేటు "కారం ఎక్కువైంది సార్" అన్నాడు. అతను అబద్ధం ఆడలేదు, నిజంగానే అలా అనుకున్నాడు. గ్రేడర్ అడ్డుపడి, "కాదు. చేప" అన్నాడు.

బయట బెంచీ మీద నేనూ అతనూ కూర్చున్నాం.

"ఆ లారీ లాట్ మొత్తం ఆపేయిద్దాం," అన్నాను. "రేపు పొద్దున లైనుకు పోకముందే. ఐసు కరిగింది, అనుమానంగా ఉందని చెబితే చాలు. ముక్కు సంగతి ఎత్తొద్దు."

"తర్వాత?"

"తర్వాతేముంది? ముక్కు బాగున్నవాడూ ఒక్కోసారి పట్టలేడు దాన్ని. నీకు వాసన తెలిసినా ఆ రోజు తెలిసేది కాదేమో."

"తెలిసేదో తెలిసేది కాదో నాకెట్ల తెలుస్తాదన్నా? అదే గదా బాధ. బుధవారం పోయి గురువారం ఇంకో లారీ వస్తాది. ఈ తూరి నా బిడ్డ నాలుక పట్టింది. డబ్బాలు తినే పిల్లోల్లు ఏ ఊరోల్లో ఏమో, వాల్ల నాలుక మీద కుట్టితే వాల్లమ్మ గూడా అబద్ధమనే కొడతాది."

లోపల్నుంచి ఇల్లాలు వచ్చి గుమ్మంలో నిలబడింది. వినే ఉంటుంది. మాడిన గిన్నె పట్టుకున్న రోజు చూసినట్టే చూసింది.

"చెప్పండి పోయి," అంది. "పాలు మాడిన్నాడే తెలుసు నాకు. మీరు చెప్తారని సూస్తాండా."

శనివారం పొద్దున అతను నా కోల్డ్ స్టోర్‌కే ముందు వచ్చాడు. చలికోటు వేసుకుని లోపలికి పోయి, ఆ లాట్‌లోని ఒక్కొక్క చేప తోక నుంచీ తెల్ల తాడు కోసి ఎర్ర తాడు కట్టాడు. గడ్డకట్టిన తోకల మీద ముడి పడక వేళ్ళు తెల్లగా పాలిపోయాయి. నేనూ రూమ్మేటూ చేప పట్టుకుంటామన్నా ఒప్పుకోలేదు. అంతా అయ్యాక మిగిలిన మూడు ఉండలూ నడుము నుంచి విప్పుకుని ముదీర్ గదికి పోయాడు. నన్ను రావద్దన్నాడు.

ముదీర్ అరుస్తాడనుకున్నాను. అరుపు వినిపించలేదు. తర్వాత నన్ను పిలిచి, "నీకు తెలుసా?" అని అడిగాడు. తెలుసన్నాను. "చెప్పి ఉంటే సెలవిచ్చేవాణ్ణి," అన్నాడు. ఇచ్చేవాడో కాదో నాకు తెలియదు. ఆయనకూ తెలియకపోవచ్చు. కిటికీ వైపు తిరిగి, "జాలరులకు నేనేం చెప్పాలి? వాళ్ళ చేప మంచిదే, మా మనిషికి ముక్కు లేదని చెప్పాలా?" అన్నాడు. చివరికి అదే చెప్పాడని విన్నాను. సూర్ ముసలాయన తర్వాతి లారీతో వచ్చినప్పుడు గ్రేడర్ ఎక్కడని అడిగి, అతన్ని మార్చిన ఐస్ ప్లాంట్ దాకా నడిచిపోయి అతని భుజం తట్టి వచ్చాడు.

ఉద్యోగం పూర్తిగా పోలేదు. ఐస్ ప్లాంట్‌లో పని ఇచ్చారు. దానికి ముక్కు అక్కర్లేదు. కానీ ఆ గ్రేడుకు కుటుంబ వీసా ఇవ్వరు. బడికి వేసవి సెలవులు ఇచ్చేవరకూ వీసా నిలపమని ముదీర్ స్వయంగా పోయి అడిగి, అంతవరకు సాధించాడు. అంతకు మించి ఆయన చేతిలో లేదు.

వాళ్ళు బయల్దేరే శుక్రవారం నేనూ రూమ్మేటూ సామాన్లు కట్టడానికి వెళ్ళాం. రెండు పెద్ద అట్టపెట్టెలు. దుప్పట్లు, పాలపొడి డబ్బాలు, పాప బడి పుస్తకాలు. పాప తండ్రి పాత బూట్లు కూడా పెట్టమని ఏడ్చింది. పెట్టారు. రూమ్మేటు ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన తాడుతో పెట్టె బిగించి, మోకాలు పెట్టి ముడి వేశాడు. ఎర్ర తాడు. కొత్త గ్రేడర్ దాన్ని అంతగా వాడడు కాబట్టి స్టోర్‌లో అదే మిగిలింది.

పాప తండ్రి వచ్చి చూశాడు. కూర్చుని ముడి విప్పసాగాడు.

"ఏంది భాయ్, మంచిగ గట్టిన గద! తాడే గద, ఏ రంగైతేంది?"

"ఇది వద్దబ్బా. నా బిడ్డ సామానుకు ఇది కట్టగాకు."

రూమ్మేటుకు అప్పుడు అర్థమైంది. చేతిలోని ఉండను జేబులో కుక్కుకున్నాడు. శుక్రవారం కింద దుకాణాలు సాయంత్రం దాకా తెరవరు. విమానం వేళ అవుతోంది. నేను టాక్సీలో మా రూమ్‌కు పోయి, నా మంచం మీదుగా కట్టుకున్న బట్టలు ఆరేసే తాడు విప్పి తెచ్చాను. తడి లుంగీ తీసి మంచం మీద పడేశాను. ఆ నైలాన్ తాడుతో రెండు పెట్టెలూ కట్టాం. పొడవు సరిగ్గా సరిపోయింది.

సీబ్ విమానాశ్రయంలో పాప తిరిగి చూడకుండా పోయింది. వాళ్ళమ్మ మాత్రం అద్దం తలుపు దాకా వెనక్కి వెనక్కి నడిచింది. తిరిగి మత్రా చేరేటప్పుడు టాక్సీ డ్రైవరు అద్దాలు దించాడు. రేవు గాలి చేపల వాసనతో లోపలికి కొట్టింది. నేను గ్రేడర్ వైపు చూశాను. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, ముఖం మీద ఏ మార్పూ లేదు.

ఆ రాత్రి డైరీలో తాడు ఇచ్చిన సంగతి రాశాను. ఇంకో తాడు కొనాలని కూడా రాశాను. ఒమాన్‌లో ఉన్నన్నాళ్ళూ కొనలేదు. బట్టలు కిటికీ ఊచల మీదే ఆరేసుకున్నాను.